బొమ్మ కింద ఫోను నంబరు

మా బావ నలభై ఏళ్ళు బోర్డులు రాశాడు. మందుల షాపులకి, సైకిలు రిపేరు కొట్లకి, టైపు నేర్పే బడులకి, పళ్ళ డాక్టర్లకి. ఊళ్ళో సగం గుమ్మాల మీద ఆయన అక్షరాలే. కానీ మనిషి బొమ్మ ఒక్కటీ వెయ్యలేదు. ఒకసారి పళ్ళ డాక్టరు బోర్డు మీద పన్ను వేశాడు, అంతే. దాన్ని కూడా జనం ముల్లంగి అనుకున్నారు.

అలాంటి మనిషి చేత ఆసుపత్రి గోడ మీద పదడుగుల బొమ్మ వేయిస్తానని పంతం పట్టింది నేనే. ఎందుకో చెప్తాను.

మా అక్క, అంటే ఆయన భార్య, ఎనిమిది నెలల కిందట పోయింది. ఈ ఆసుపత్రిలోనే, మూడో అంతస్తులో. అక్కా నేనూ పని చేసింది కూడా ఇక్కడే, నేలకింద ఉన్న లాండ్రీలో. ఇరవై రెండేళ్ళు ఏ దుప్పట్లు ఉతికిందో ఆ దుప్పట్ల మీదే చివరికి తనూ పడుకుంది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది. "మీ బావని ఊరికే కూర్చోనివ్వకే. చేతిలో పని లేకపోతే ఆ మనిషి మనిషిలా ఉండడు." సరేనన్నాను. ఆఫీసువాళ్ళకి ఇచ్చిన మాటలు నేను చాలా తప్పాను, కావాలనే తప్పాను. అక్కకిచ్చిన మాట అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు.

బావ మాత్రం కూర్చున్నాడు. అక్క పోయిన రోజు కడగని కుంచెలు డబ్బాలోనే కర్రల్లా బిగుసుకుపోయాయి. పని మొదలెట్టే ముందు కుంచె కళ్ళకద్దుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసుకునేవాడు. అదీ మానేశాడు. "ఎవరికని చెయ్యనే?" అన్నాడు ఒకరోజు. దేవుడు లేడని ముప్పై ఏళ్ళుగా ఎదురుపడ్డ ప్రతివాడితో పోట్లాడుతున్నదాన్ని నేను. ఆ మాటకి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మా వైపుకి మనిషి అలా వచ్చి పడకూడదు.

ఇక గోడ సంగతి. మా లాండ్రీ తలుపుకి ఎదురుగా మార్చురీ. పైన ఎవరైనా పోతే, వాళ్ళ మనుషులు కాగితాలు అయ్యేదాకా ఆ వరండాలోనే నిలబడాలి. కుర్చీ ఉండదు. మా మాసిన బట్టల మూటల మీద కూర్చుని ఏడ్చేవారు. యూనియన్ తరఫున నాలుగేళ్ళు అర్జీలు పెట్టాను, వాళ్ళకి కుర్చీలు వెయ్యండని. చివరికి విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేసి, సున్నం కొట్టించి, తలుపు మీద 'మౌన మందిరం' అని పేరు తగిలించారు. ఏ మతంవాడైనా వచ్చి కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చట. కుర్చీలు అడిగితే మందిరం ఇచ్చారు. పోనీలే, మందిరంలో కుర్చీలున్నాయి కదా అని పుచ్చుకున్నాం.

ఎదుటి గోడ మీద సూర్యోదయం పోస్టరు అంటిస్తారని తెలిసి సూపరింటెండెంటు గదికి వెళ్ళాను.

"మంచి బొమ్మమ్మా, అందరికీ నచ్చుతుంది" అన్నాడు ఆయన.

"కిటికీ లేని గదిలో సూర్యోదయం పెడితే, ఏడవడానికి వచ్చినవాడు నవ్వి పోతాడు సార్."

"మరేం పెట్టమంటావు?"

"మా బావ బొమ్మ వేస్తాడు."

"ఆర్టిస్టా?"

"మీ గేటు మీద 'ఇచట వాహనములు నిలుపరాదు' అని రాసిందెవరనుకున్నారు?"

ఆయన కిటికీలోంచి గేటుకేసి చూశాడు. "అక్కడ అందరూ నిలుపుతూనే ఉన్నారు కదమ్మా."

"రాసింది మా బావ సార్. నిలిపేది మీ డాక్టర్లు."

గురువారం పదకొండింటికి వచ్చి చూస్తానన్నాడు. బాగుంటే బొమ్మ, లేకపోతే సున్నం, దాని మీద సూర్యుడు. అది చాలు నాకు.

బావ దగ్గరికి వెళితే మొహం తిప్పుకున్నాడు. "నేను బొమ్మలు వెయ్యను."

"పన్ను వేశావుగా."

"ముల్లంగి అన్నారు."

"ముల్లంగే వెయ్యి. కూర్చోకు, అంతే."

"ప్రార్థన గదంటున్నావు. ఆయనతో నాకు మాటల్లేవు."

"నాకు ఎప్పుడూ లేవు బావా. నేను ఆ వరండాలోనే పని చెయ్యట్లేదా? నీ జోలికి రావద్దని ఆయనకి నేను చెప్తాలే. నువ్వు లాండ్రీ బొమ్మ వెయ్యి. అక్క చేసిన పని వెయ్యి."

కొత్త కుంచెలు ఆయన ఒళ్ళో పడేసి వచ్చాను. సోమవారం పొద్దున చూస్తే, నిచ్చెన భుజాన వేసుకుని మార్చురీ వరండాలో దారి తెలియక నిలబడి ఉన్నాడు. ఆ మనిషిని చూసి అక్కడున్నవాళ్ళు తమలాంటి కష్టంలోనే వచ్చాడనుకుని కాస్త జరిగి చోటిచ్చారు.

మొదట నూలుదారానికి సుద్ద పట్టించి, గోడకి అటూ ఇటూ బిగించి, టక్కున కొట్టాడు. తెల్లటి గీత పడింది. బోర్డు రాసేవాడికి గీత లేనిదే చెయ్యి లేవదు. మంగళవారం మధ్యాహ్నానికి ఆ గీత మీద ఐదుగురు ఆడవాళ్ళు లేచారు. టీ వేళకి మా వాళ్ళని చూడ్డానికి తీసుకెళ్ళాను. మా లాండ్రీలో అందరికంటే పెద్దామె, మేమంతా పిన్ని అని పిలిచే ఆవిడ, కళ్ళజోడు సర్దుకుని గోడకి దగ్గరగా వెళ్ళింది. వెనక మా పొడుగమ్మ. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ, పై రాక్‌లన్నీ దానివే.

ఎవరికి వారు గోడ మీద తమని వెతుక్కున్నారు.

"అల్లుడూ" అంది పిన్ని. "అందరం గీత మీద నిలబడ్డాం. బానే ఉంది. మరి అందరం ఒకటే ఎత్తేమిటి?"

"అక్షరాలు ఒకే ఎత్తులో ఉండాలి కదా పిన్నిగారూ" అన్నాడు బావ, నోరు జారి.

"నేను ఇరవయ్యేళ్ళుగా తల గుద్దుకుంటున్న గుమ్మాల సంగతేంటి?" అంది పొడుగమ్మ. "ఇందులో నేనెవర్ని?"

"ఎడమ నుంచి రెండు."

"అది సున్నా. దానికి తలకట్టు పెట్టావు."

"అది నీ కొప్పు."

పిన్ని నవ్వు ఆపుకోలేక గోడకి చెయ్యి ఆనించింది. పచ్చిరంగు అరచేతి నిండా అంటింది. అందరం నవ్వాం. వరండాలో ఉన్నవాళ్ళు వింటారని నోళ్ళు మూసుకుని మరీ నవ్వాం. బావ మూతి ముడుచుకున్నాడు గానీ, ఎనిమిది నెలల తరవాత ఆయన మూతి ముడవడం కూడా నాకు పండగలాగే ఉంది.

"అసలు తప్పు అది కాదు" అంది పిన్ని కళ్ళు తుడుచుకుని. "వీళ్ళు దుప్పటి పట్టుకున్న తీరు చూడు. అరచేతులు పైకి. మేం దుప్పటి మడత పెడుతున్నామా, పళ్ళెం అందిస్తున్నామా? ఇలా పట్టుకుంటే ఒక్క లాగుడికి నేలమీద ఉంటుంది."

"మడత నేను చూళ్ళేదు పిన్నిగారూ. బయటివాళ్ళని లాండ్రీలోకి రానివ్వరుగా."

"ఇంట్లో?"

"ఇంట్లో తనే మడిచేది. నేను చూసేసరికి మడిచి ఉండేది."

అప్పుడు గమనించాను. ఐదుగురి మధ్యలో మనిషి పట్టేంత చోటు ఖాళీ ఉంది. అక్కడ గీత తప్ప ఏమీ లేదు.

"ఇదెవరికి బావా?"

"మీ అక్కకి." చేతిలో కుంచెని గుడ్డకి తుడుస్తూ ఉండిపోయాడు. "ఇరవై రెండేళ్ళు పొద్దున్నే ఇక్కడికి వచ్చింది. ఇక్కడేం చేసిందో నాకు తెలియదు. తెలియని పని ఎలా వెయ్యను? ఉత్త మొహం వేస్తే సరా? అది ఫోటోలో ఉందిగా."

అందుకని చెప్పాను. చెప్పాల్సిందంతా కాదు, సగం.

పైన ఎవరైనా పోతే, వాళ్ళ కింద పరిచిన దుప్పటికి ఒక మూల ముడి వేసి కిందికి పంపుతారు. ముడి ఉంటే రెండుసార్లు మరిగే నీళ్ళలో ఉతకాలి. అది రూలు. మా కోసం వేసిన గుర్తు. ముడి విప్పాలని రూల్లో లేదు. అలాగే మెషీన్లో పడేసినా అడిగేవాడు లేడు. అక్క పడెయ్యనిచ్చేది కాదు. ముడి ఉన్నవన్నీ పక్కన పెట్టించేది. తన సెలవు రోజున వచ్చినవి కూడా మర్నాటికి ఉంచాల్సిందే. గ్లవ్స్ తొడుక్కుని, వేళ్ళతో మెల్లిగా విప్పి, అప్పుడు ఒక మాట అనేది: "ఇంక నీ పనయింది, నిమ్మళంగా వెళ్ళు." ఆ తరవాతే మెషీను. తను మంచం పట్టాక ఆ ముళ్ళూ ఆ మాటా పిన్ని అందుకుంది.

నేను ఊరుకునేదాన్ని కాదు. "పోయినవాడికి వినబడుతుందటే?" అనేదాన్ని. "వినబడకపోతే నీకేం నష్టం?" అనేది. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబల్లా గ్లవ్స్. ఆ గ్లవ్స్ కోసం రెండు నెలలు కొట్లాడి తెప్పించింది నేను.

బావ అంతా విన్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నిచ్చెన దిగి, గీతకేసి చూస్తూ కుర్చీలో కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు నచ్చలేదు. ఎనిమిది నెలలుగా చూస్తున్న కూర్చోవడమే అది.

బుధవారం టీ వేళకి పిన్ని చేతులు పైకి మడిచి వచ్చింది. "లే అల్లుడూ. మడత నేర్పుతాం. రేపు ఆ పెద్దాయన వచ్చి పళ్ళేలు అందించే ఆడవాళ్ళని చూస్తే మా పరువేం కావాలి?"

తీరా చూస్తే దుప్పటి లేదు. ఆ వేళకి ఉతికినవన్నీ బండి మీద పైకి వెళ్ళిపోతాయి. మాసినవి పట్టుకోనివ్వం. పొడుగమ్మ నాకేసి చూసింది.

"నీ బీరువాలో ఉన్నది తియ్యరాదూ?"

ఏమీ తెలియనట్టే అడిగాను. "ఏది?"

"ఏదేమిటి? ఎనిమిది నెలలుగా రోజూ తలుపు తీసి చూసి మూస్తున్నావు. పై రాక్‌లు నావి. నాకు కనబడవా?"

అంటే అందరికీ తెలుసు. యూనియన్ నాయకురాలు ఆసుపత్రి దుప్పటి దాచిందని తెలిసి కూడా ఒక్కరూ నోరెత్తలేదు. వెళ్ళి తెచ్చాను. తెల్లగా ఉంది. రెండుసార్లు మరిగే నీళ్ళలో నేనే ఉతికాను. ఒక మూల ముడి అలాగే ఉంది, గులకరాయిలా గట్టిపడి.

బావ ముడి చూశాడు, నన్ను చూశాడు.

"అక్కదే" అన్నాను. "మూడో అంతస్తు నుంచి వచ్చింది. విప్పాలంటే ఆ మాట అనాలి. నాకు నోరు రాలేదు. నమ్మకం లేనిదాన్ని, ఎవరితో అనను? అనకుండా విప్పితే తను ఊరుకోదు. ముడి ఉండగానే మెషీన్లో వేశాను. ఇరవై రెండేళ్ళలో అలా వేసింది ఈ ఒక్కటే." మైకు లేకుండా వెయ్యిమందికి వినబడేలా మాట్లాడగలను. ఆ ఒక్క మాట నావల్ల కాలేదు.

బావ కోప్పడతాడనుకున్నాను. ఆయన కుర్చీ నాకేసి జరిపాడు. "కూర్చోవే" అన్నాడు. నన్నెవరైనా కూర్చోమని ఎనిమిది నెలలైంది.

దుప్పటి మూల ఒళ్ళో పెట్టుకుని చూశాడు. గోళ్ళ నిండా రంగు. బొటనవేళ్ళు రెండూ ముడికి అటూ ఇటూ పెట్టి నొక్కాడు. రాలేదు. కుంచె వెనక మొన తీసుకుని సందులో దూర్చాడు. మేమంతా చుట్టూ వంగి చూస్తున్నాం.

"ఎడమ పక్క లాగు" అంది పిన్ని.

"అది కాదు, ఆ కిందిది" అంది పొడుగమ్మ.

"ఎవరైనా ఒకరు చెప్పండి" అన్నాడు బావ.

కొంచెం వదులైంది. ఇంకొంచెం. చివరికి గుడ్డ విచ్చుకుంది, ముడతలు పడి, నలిగి, మిగతా దుప్పటి కంటే కాస్త తెల్లగా. ఆయన దాన్ని మోకాలి మీద చేత్తో చదును చేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంక నీ పనయింది" అన్నాడు. "నిమ్మళంగా వెళ్ళు." కాస్త ఆగి, "నాకు రంగు పని ఉంది" అని కలిపాడు.

ఎవరు ముందు ఏడ్చారో, ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. నేను రెండూ చేశాను.

తరవాత మడత. నేనొక చివర, ఆయనొక చివర. బొటనవేలు లోపలికి, వేళ్ళు పైన. లాగి ఒక్క దులుపు దులపాలి, గాలి పట్టి దుప్పటి టపామనాలి. అప్పుడు అంచుకి అంచు. మళ్ళీ లాగాలి. ఆ పైన ఇద్దరూ ఎదురెదురుగా నడిచి రావాలి. ఒకరి మూలలు ఒకరికి ఇచ్చి, కింద వేలాడే మడతని వంగి అందుకోవాలి. మొదటిసారి ఆయన నడిచి రావడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. రెండోసారి వేగంగా వచ్చి నా తలకి తల కొట్టాడు. మూడోసారి పిన్ని తాళం వేసింది: "లాగు, దులుపు, కలుపు, రా. లాగు, దులుపు, కలుపు, రా." నాలుగోసారి సరిగ్గా వచ్చింది. మడత చేతిలో పెట్టుకుని పిల్లాడు మొదటి అక్షరం దిద్దినట్టు చూసుకున్నాడు.

"ఇంత సుఖంగా ఉంటుందని చెప్పలేదేమే?" అన్నాడు.

"రోజుకి ఆరువందలు మడిచి చెప్పు" అంది పొడుగమ్మ.

ఆయన నిచ్చెన దగ్గరికి నడిచాడు. కుంచె తీశాడు. చెయ్యి దానంతటదే లేచి కళ్ళ దాకా వెళ్ళి, మధ్యలో ఆగింది. నేను చటుక్కున తల తిప్పుకుని పిన్నితో ఏదో మాట్లాడాను. కొన్ని పనులు ఎవరూ చూడకుండా ఉంటేనే జరుగుతాయి. మళ్ళీ చూసేసరికి ఆయన కుంచె రంగులో ముంచుతున్నాడు. కనుబొమ్మ మీద చిన్న నీలం చుక్క ఉంది.

గురువారం పదకొండింటికి సూపరింటెండెంటు వచ్చాడు. వెనక గుమాస్తా, చంకలో చుట్టిన సూర్యోదయం.

గోడ మీద మా లాండ్రీ ఉంది. గీత పోయింది. పొడుగమ్మ తల బొమ్మ అంచు దాటి పైకప్పు పట్టీ మీదికి వెళ్ళింది. పిన్ని పొట్టిగా, కళ్ళజోడు జారి ఉంది. అందరి బొటనవేళ్ళూ లోపలికే. దుప్పట్ల నిండా గాలి. మధ్యలో మా అక్క వంగి నిలబడి ఉంది. మొహం సగమే కనిపిస్తుంది, పాపిట, ఒక చెంప. కనిపించేవల్లా చేతులు. ఆ చేతుల్లో ముడి, సగం విచ్చుకుని. పనివాళ్ళ చేతులు అంత పెద్దగా ఎవరైనా గోడ మీద వెయ్యగా నేను చూడలేదు. అప్పటికి మేమందరం పని ఆపి అక్కడే ఉన్నాం. ఆపమని నేనే చెప్పాను.

సూపరింటెండెంటు అటూ ఇటూ నడిచి చూశాడు. "బానే ఉందమ్మా. కానీ ఇది ప్రార్థన గది. ఇందులో దేవుడేడి?"

నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. "ఆయన పైన వార్డుల్లో రౌండ్లకి వెళ్ళాడు సార్. కింద పని మాది."

గుమాస్తా దగ్గాడు. సూపరింటెండెంటు అక్క చేతుల దగ్గర ఆగాడు. "ఈ ముడి?"

"మీరు సంతకం పెట్టిన రూలే సార్" అన్నాను. "వార్డులో ముడి వేస్తారు. ఇక్కడ ఈవిడ విప్పేది." ఏమని విప్పేదో కూడా చెప్పాను.

ఆయన గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. తరవాత, ఆఫీసు గొంతు కాకుండా వేరే గొంతుతో అడిగాడు. "మా అమ్మ నాలుగో అంతస్తులో పోయింది. నాలుగేళ్ళయింది. ఆవిడది?"

"విప్పింది సార్."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"ఇరవై రెండేళ్ళలో విప్పకుండా మెషీన్లోకి వెళ్ళింది ఒక్కటే. అదెవరిదో నాకు తెలుసు. దాన్నీ నిన్న విప్పేశాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది పెట్టుకునేటప్పుడు కిందికి చూశాడు. "ఇదేమిటి?"

మేమెవరమూ అప్పటిదాకా గమనించలేదు. గోడకి కుడి మూల, అడుగున, ఎర్ర రంగుతో, నీడ కూడా దిద్ది: 'అన్ని రకముల బోర్డులు వ్రాయబడును.' దాని కింద బావ ఫోను నంబరు.

బావ మొహం ఆ అక్షరాల కంటే ఎర్రబడింది. "చెయ్యి దానంతటదే రాసేసింది సార్. నలభై ఏళ్ళ అలవాటు. పని పూర్తయితే అది రాస్తాను."

"ప్రార్థన గదిలో ఫోను నంబరా?"

"ఇన్నాళ్ళూ ఏ ప్రార్థన గదిలోనూ నంబరు లేకే కదా సార్, జనం అన్ని కేకలు పెట్టాల్సి వస్తోంది" అన్నాను.

పొడుగమ్మ ఫక్కున నవ్వింది. సూపరింటెండెంటు నవ్వకూడదని గట్టిగానే ప్రయత్నించాడు. "రంగు ఆరాక తుడిచెయ్యండి" అని వెళ్ళిపోయాడు. సూర్యోదయం గుమాస్తా చంకలోనే పైకి వెళ్ళింది.

రంగు శుక్రవారానికి ఆరింది. తుడవమని నేనెవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున బావ ఒక మందుల షాపు బోర్డుకి గీత కొడుతుంటే ఫోను మోగింది. ఎవరో మగమనిషి. కాసేపు ఊరికే ఊపిరి తీశాడట.

"గోడ మీద నంబరు చూసి చేశాను. ఎవరండీ మీరు?"

"బోర్డులు రాసేవాణ్ణండి. చెప్పండి."

"మా నాన్న నిన్న పోయాడు. రెండో అంతస్తు. ముడి సంగతి వార్డులో ఆయా చెప్పింది. ఆ బొమ్మలో ఆవిడ విప్పుతోందే, మా నాన్నది కూడా విప్పుతారా?"

"ఒక్క నిమిషం ఉండండి" అని బావ నాకు చేశాడు.

నేను తొట్టి దగ్గరికి వెళ్ళి చూశాను. రెండో అంతస్తు మూటలో ఉంది, ముడి గట్టిగానే వేశారు. "చెప్పు బావా, ఇప్పుడే విప్పుతున్నానని."

గ్లవ్స్ తొడుక్కున్నాను. పిన్ని ఓరకంట చూస్తోంది, నేను మాట అంటానా లేదా అని. ముడి విప్పాను. "ఇంక నీ పనయింది, నిమ్మళంగా వెళ్ళు" అన్నాను, మెషీన్ల చప్పుడు మించి, అందరికీ వినబడేలా. మెల్లిగా మాట్లాడటం నాకు రాదు. అవతల ఎవరైనా ఉంటే వాళ్ళకీ వినబడే ఉంటుంది. ఎవరూ లేకపోతే నాకేం నష్టం?

అప్పటి నుంచి వారానికి నాలుగైదు ఫోన్లు. బావ నిచ్చెన మీద ఉన్నా దిగి వచ్చి మాట్లాడతాడు. కొందరు ఏడుస్తారు, కొందరు పోయినవాళ్ళ గురించి నవ్వుకుంటూ చెప్తారు. ఒకావిడ ఇది దేవుడి నంబరా అని అడిగింది. "కాదమ్మా, ఆయన రౌండ్లలో ఉన్నాడట. నాతో చెప్పండి" అన్నాడు. మొదట ఫోను చేసిన ఆ మనిషి నెల తరవాత మళ్ళీ చేశాడు. వాళ్ళ నాన్న టైర్ల కొట్టు తను తెరుస్తున్నాడట, బోర్డు కావాలట. టైరు బొమ్మ కూడా వెయ్యాలన్నాడు.

బావ వేశాడు. నేను చూశాను. మొత్తానికి టైరులాగే ఉంది.